రేగుపళ్ల కోసం ఆగిన సాయంత్రం

మాదాపూర్‌లో ఆఫీసు భవనాలు లేస్తున్న 1998 నాటి మాట. మేం అనంతపురం నుంచి కొత్తగా వచ్చాం. ఓ సాయంత్రం, రోజంతా టైపింగ్ చేసి కాళ్లీడ్చుకుంటూ వస్తుంటే బండల మధ్య విరగపండిన రేగుచెట్టు కనిపించింది. పళ్లు కోసి కొంగు నింపుకుంటున్నాను. ఎవరో ముసలమ్మ పరుగున వచ్చి నా చెయ్యి పట్టి లాగింది.

“సీటీ కొట్టింది ఇనవడలేదా బిడ్డా? బండలు పేలుస్తున్నరు, ఉరుకు!”

దారి పక్కన ఆగి ఉన్న లారీ చాటుకు చేరామో లేదో, నేల అదిరింది. నేను నిలబడ్డ చోటే రాళ్లు పడ్డాయి. ఏడ్చేశాను. ఆమె నా కొంగులోని పళ్లు ఏరుతూ, “నలిగినయి ఇయ్యాల్నే ఉప్పు, కారమేసి దంచుకో. మంచియి ఎండవెట్టి దాచుకో, తడుంటే బూజు వడ్తది” అంది.

ఇంటికొచ్చి అలాగే దంచాను. మా ఆయన తింటూ, “యాడ దొరికినాయి?” అన్నాడు. ఆమె పేరైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. ప్రాణం కాపాడిన మనిషికి దండం పెట్టాలన్న ధ్యాస కూడా ఆ రోజు నాకు లేకపోయింది.