బోణీ వేళ మారిన తీగలు

మోతీలాల్‌కు కాదనడం చేతకాదు. గూడూరు దగ్గరి తండా నుంచి వచ్చి జనగామ టెలిఫోన్ ఆఫీసులో లైన్‌మన్‌గా కుదిరాడు. ఎవరేమడిగినా సరేనంటాడు. ఎనభై ఒకటిలో, పత్తి మార్కెట్ జోరు మీదున్న రోజుల్లో, ఆ మంచితనమే అతని కొంపమీదికి తెచ్చింది.

ఊళ్లో ఫోన్లు పెరిగాయి. ఆపరేటర్ సరస్వతి ముందున్న, ఫోన్లు కలిపే బోర్డు మీద తీగలన్నీ పీకి కొత్త వరసలో బిగించాలి. అలాంటి పనికి అన్ని ఫోన్లూ ఆపి, అంతా మార్చి, సరిచూసుకుని, ఒకేసారి తెరవాలి. కానీ బజారు సేట్లు ఊరుకుంటారా? బోణీ కాకముందే ఫోన్ మూగబోతే ఆ రోజు బేరం గంగపాలేనని వాళ్ల నమ్మకం.

"మోతీలాల్, పొద్దుగాల బంద్ వెట్టకు. నీకు పుణ్యముంటది," అని బతిమాలారు.

మనవాడు కరిగిపోయాడు. ఒక్కొక్క తీగే మారుస్తానన్నాడు.

"సగం పాతది, సగం కొత్తది! ఎవరికి ఎవరిని కలపాలె మోతీలాలన్నా?" అని సరస్వతి మొత్తుకుంది.

"జర ఓపిక వట్టు చెల్లె, ఎంతసేపు?"

ఇంట్లో అతని భార్య తుల్సీబాయికి నెలలు నిండాయి. నొప్పులొస్తే డాక్టరమ్మ సుమిత్రకు ఫోన్ చేస్తానని వాళ్లు అద్దెకున్న ఇంటి యజమానురాలైన కిరాణా కొట్టు మనోరమ మాటిచ్చింది. ఆ పొద్దునే నొప్పులొచ్చాయి. మనోరమ ఫోనెత్తి డాక్టరమ్మకు కలపమంది. సరస్వతి బోర్డులో డాక్టరమ్మ పాత చోట్లోనే ప్లగ్గు పెట్టింది. కానీ మోతీలాల్ అప్పటికే ఆ చోట పత్తి మిల్లు తీగ బిగించేశాడు. డాక్టరమ్మ తీగ ఇంకా అతని చేతిలోనే ఉంది.

మిల్లులో కాంటా వేసే రామలింగం ఫోనెత్తాడు.

"మోతీలాల్ పెండ్లానికి నొప్పులు! రక్తం పోతున్నది, డాక్టరమ్మను జల్ది తోలున్రి!" అవతలి మనిషి కాంపౌండరే అనుకొని మనోరమ పెట్టేసింది.

రామలింగం మళ్లీ కలపమని అడగబోతే ఫోన్ పలకలేదు. కాంటా మీద పత్తి అలాగే వదిలేశాడు. బండ్లవాళ్లు అరుస్తున్నా వినకుండా మిల్లు జీపు తీసి, డాక్టరమ్మను ఎక్కించుకొని, లైన్‌మన్ ఇల్లు తెలిసినవాడే కాబట్టి నేరుగా మనోరమ కొట్టు ముందు ఆపాడు.

ఆడపిల్ల పుట్టింది. ఇంకొంచెం ఆలస్యమైతే తల్లి దక్కేది కాదంది డాక్టరమ్మ.

సంగతి తెలిసి మోతీలాల్ మిల్లుకు పరుగెత్తాడు. రామలింగం రెండు చేతులూ పట్టుకొని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నా చేతులతోనే దాన్ని చంపుకుందును గదనే! నువ్వు బతికిచ్చినవన్నా."

"ఊకోరాదె. గంత మాట ఇన్నంక రాంగ్ నంబరని ఎట్ల పెట్టేస్త?"

ఆ మేలు మోతీలాల్ ఏనాడూ మరవలేదు. ఏటా తండా నుంచి వచ్చే మక్కకంకులు ముందు రామలింగం ఇంటికి వెళ్లేవి, ఆ తర్వాతే తన ఇంటికి.

కొన్నేళ్లకు భూపాలపల్లికి బదిలీ అయింది. అక్కడా బోర్డు మార్చే పని పడింది. మోతీలాల్ ఊరి ఫోన్లన్నీ ఒక్కసారే ఆపేశాడు. ఒక సేటు వగరుస్తూ వచ్చాడు.

"ఏందయ్యా గిది! ఇంకా బోణీ గాలే. జనగామల ఒక్కొక్కటే మార్చినవట గద, గట్లనే చెయ్యరాదు?"

"చేసిన సేటూ," అన్నాడు మోతీలాల్, తీగలు పీకుతూనే. "అందరికీ రామలింగన్న దొరకడు."