వదులుగా పెట్టిన మూత

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. రోజులు గడిస్తే బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. చర్చిలో చెప్పుకోలేకపోయాను, అక్కడందరూ నన్ను ఎరిగినవాళ్లే. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి, నేను జాలిపడాల్సిన మనిషిని కాను.

ముందు నా గొప్ప చెప్పుకోనివ్వండి. అది తెలియకపోతే నా తప్పు మీకు అర్థం కాదు. గోదావరి జిల్లాలో మా పేట చర్చిలో ప్రభు సంస్కారానికి ఇచ్చే ద్రాక్షారసం మా ఇంటినుంచే వెళ్లేది. మా నాయనమ్మ చేసేది, తర్వాత మా అత్త, తర్వాత నేను. కువైట్ వచ్చి రుమైథియాలో ఒక ఇంట్లో వంటకు కుదిరాక కూడా మానలేదు. ఇక్కడ వైన్ చేయడం నేరమని తెలుసు. తెలియక చేశానని బుకాయించను. నల్ల ద్రాక్ష కడిగి నీడన ఆరబెట్టి, చేత్తో చిదిపి, తొక్కలతో సహా గాజు జాడీలో పోసేదాన్ని. రంగంతా తొక్కలోనే ఉంటుంది. రోజూ చెక్క గరిటెతో తిప్పాలి, పాత నూలు చీర ముక్కతో వడగట్టాలి. మూత మాత్రం వదులుగా పెట్టాలి, లోపల పుట్టే గాలి బయటికి పోవాలి కదా. శుక్రవారం సెలవునాడు రిగ్గై పేటలో మన తెలుగువాళ్ల గదికి ప్రార్థనకు పట్టుకెళితే, ఒక్కొక్కరు సీసా మూతెడు తాగి కళ్లు మూసుకునేవారు. నర్సు పనిచేసే ఒకామె, "వదినా, నీ చెయ్యి బంగారం" అనేది. బంగారమే. ఎందుకు కాదనాలి?

ఆ ఇంటికి తుడిచే పనికి సరోజమ్మ వచ్చింది, కడప దగ్గర పల్లె నుంచి. నాకంటే చిన్నది. అరబీ రాదు. తాల్ అంటే రా, రూహ్ అంటే పో, యల్లా అంటే త్వరగా, అయ్‌వా అంటే అవును, ఖలాస్ అంటే అయిపోయింది... అంతే. మామా, అంటే మా యజమానురాలు, ఏం చెప్పినా నేనే తెలుగులోకి మార్చి చెప్పాలి. ఊళ్లో సరోజమ్మ ఇల్లు గోడల దాకా లేచి ఆగిపోయింది. రోజూ ఆ గోడల ఫొటో ఫోన్‌లో చూపించి, "స్లాబు పడితే సాలక్కా, ఇంగేం అడగను" అనేది.

రంజాన్ ముందు ఇల్లంతా కడిగించారు. మెట్ల కింద స్టోరులో బియ్యం బస్తాల వెనక నా జాడీ ఉంది. సరోజమ్మ అక్కడ ఊడుస్తూ దాన్ని చూసింది. ద్రాక్ష షర్బత్ అనుకుంది. చీమలు పడతాయని మూత గట్టిగా బిగించింది. ఏ ఇల్లాలైనా చేసే పనే! ఆ జాడీ సంగతి నేను ఆమెకు చెప్పి ఉండాల్సింది. దీనికేం తెలుస్తుందిలే అనుకున్నాను. పొగరు నాకు.

మర్నాడు మధ్యాహ్నం జాడీ పేలింది. నేను వంటింట్లోంచి పరుగెత్తుకెళ్లేసరికి సరోజమ్మ గాజు ముక్కలు ఏరుతోంది. తెల్ల గోడంతా ఎరుపు, ఆమె చేతులు ఎరుపు. మామా వచ్చింది. వాసన పట్టేసింది. మొహం పాలిపోయింది. సరోజమ్మను చూపిస్తూ, "ఇది తయారుచేసింది తనేనా, అడుగు" అని నాకు చెప్పింది.

నేను సరోజమ్మ వైపు తిరిగి తెలుగులో అడిగాను. "జాడీ మూత బిగించింది నువ్వేనా అంటున్నారు."

"అయ్‌వా మామా" అంది తలూపుతూ. తర్వాత నాతో, "నేనే బిగిచ్చినా అక్కా, చీమలు పడ్తాండాయని" అంది.

ఆ రెండో మాట నేను మామాకు చెప్పలేదు.

భయమా? భయమే. ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామా పోతుంది, జైలు పాలవుతాను, నిజమే. కానీ నేను మార్చి అడిగిన ఆ ప్రశ్న ముందుగా అనుకున్నది కాదు. అంత నున్నగా, ఒక్క తడబాటు లేకుండా నా నోట్లోంచి ఎలా ఊడిపడింది? ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంకా సిగ్గుచేటు మాట ఉంది. మామా ఫోన్ చేయడానికి లోపలికి వెళ్లగానే ఆమె పెద్దకొడుకు వచ్చాడు. విదేశాల్లో చదువుకున్న అబ్బాయి. జాడీ అడుగున మిగిలిన దాంట్లో వేలు ముంచి నాలుక్కి రాసుకుని, అలాగే నిలబడిపోయాడు. "ఊళ్లకు ఊళ్లు తరతరాలుగా ఇదే పని చేసే చోట తాగాను. ఇంత మంచిది అరుదు. ఈమె ఎక్కడ నేర్చుకుంది?" అన్నాడు. అప్పుడు నా నోరు తెరుచుకుంది. సరోజమ్మను కాపాడటానికి కాదు. "నేనండీ, నేను చేశాను" అనడానికి. ఛీ, ఏం మనిషిని! మళ్లీ నోరు మూసుకుని, తెలియదన్నాను.

పోలీసుల దాకా వద్దు, ఊరికి పంపేస్తానంది మామా. గుమ్మం దగ్గర సంచీ పట్టుకుని సరోజమ్మ నన్ను అడిగింది.

"మూత బిగిచ్చినందుకే ఇంటికి పంపిచ్చేస్తారా అక్కా? నువ్వన్నా ఒక మాట చెప్పక్కా మామాకు."

"చెప్పానమ్మా, వినట్లేదు. శుభ్రం విషయంలో వీళ్లకి మహా పట్టింపు" అన్నాను.

ఆమె నన్ను నమ్మింది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చి, పోయొస్తానని చెప్పి మరీ వెళ్లింది.

నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. వైన్ మళ్లీ చేయలేదు. పండక్కి వచ్చినప్పుడల్లా ఆ అబ్బాయి, తల్లి వినకుండా, "ఆ సరోజ చెయ్యి ఏం చెయ్యి!" అంటాడు. దొంగకు తేలు కుట్టినట్టు టీ పోస్తూ ఊరుకుంటాను. ఆమెకు చేసిన అన్యాయం గుచ్చుకుంటుంది. నాకు రావాల్సిన మెప్పు ఆమెకు పోవడం కూడా గుచ్చుకుంటుంది. ఏది ముందో మాత్రం అడగకండి.

స్లాబు పడిందో లేదో తెలియదు. కడప వాళ్లు ఎదురైతే అడగబోయి ఆగిపోతాను. ఊళ్లో ఆమె ఏం చెప్పుకుని ఉంటుంది? మూత బిగించానని పంపేశారంటే ఎవరు నమ్ముతారు?

మిమ్మల్ని క్షమించమనను. క్షమించాల్సింది మీరు కాదు. ఒక్కసారి పైకి అంటే చాలు. ఆ రోజు మామా అడిగిన ప్రశ్నకు ఇదీ జవాబు. మూత బిగించింది సరోజమ్మ. వైన్ చేసింది నేను.