అస్సూదా ఘాట్‌లో మస్తానన్న స్పానిష్

సౌదీలోని రాబిగ్‌లో జూలై అంటే సముద్రం పక్కనే ఉన్నా ఒంటికి గాలి తగలదు. తలుపు తీస్తే వేడి, మూస్తే ఏసీ హోరు. ఇక్కడ ఒక ల్యాబ్‌లో పనిచేస్తూ మూడో వేసవి గడుపుతున్నాను. నాలుగు రోజుల సెలవు దొరకగానే స్వెట్టర్ వేసుకునే చోటికి పోవాలనిపించింది. అసీర్ కొండలు అలాంటి చోటని అందరూ చెప్పేవారు. రాబిగ్ నుంచి జెద్దా ఎయిర్‌పోర్టుకు కారులో గంటన్నర, అక్కడి నుంచి అబహాకు విమానంలో గంటకు కాస్త పైన. ముందుగా తీసుకుంటే టికెట్ మూడు వందల రియాళ్ళలోపే వస్తుంది. హోటళ్ళు అబహా కంటే పక్కనే ఉన్న ఖమీస్ ముషైత్‌లో చవక కాబట్టి అక్కడే దిగాను.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి మస్తానన్న కారు తెచ్చాడు. ప్రొద్దుటూరు మనిషి, యాభై దాటాయి, ఈ కొండల్లో ఇరవై ఏళ్ళుగా బండి నడుపుతున్నాడు. రోజంతటికీ పెట్రోలుతో కలిపి నాలుగు వందల రియాళ్ళు. ముందు అస్సూదా శిఖరం, తరువాత ఘాట్ రోడ్డు దిగి రిజాల్ అల్మా అనే పాత రాతి ఊరు, సాయంత్రానికి వెనక్కి. ఇదీ మా పథకం. ఊరు దాటే ముందు పెట్రోల్ బంకులో ఆగి, పాకిస్తానీ కుర్రవాడికి "ఫుల్ కర్ దో భాయ్" అని చెప్పి, నవ్వుతూ తనలో తాను "ఎచా గాసొలీనా" అనుకున్నాడు.

"అదేం భాష అన్నా?"

"స్పానిష్ మ్మా. ఒక స్పెయిన్ ఇంజనీరు దగ్గర ఏడేండ్లు డ్రైవరుగా చేసినా. సొరంగాలు తవ్వే పని ఆయనది. ఇంగ్లీషు ఆయనకూ అంతంతే, నాకూ అంతంతే. ఈ ఒక్క ఎచా తోనే నెట్టుకొచ్చినాం."

"అంటే ఏమిటి?"

"మన 'ఎయ్' ఉండాది సూడు, అదే. పెట్రోలు ఎయ్, కూరలో ఉప్పు ఎయ్, తలుపుకు తాళం ఎయ్, బండికి బ్రేకు ఎయ్. అన్నిటికీ ఎచానే. మధ్యాన్నం ఒక కునుకు ఎయ్యాలన్నా అదే. బరువు ఎత్తేటప్పుడు ఒక చెయ్యి ఎయ్యమన్నా అదే."

నాకు సరదా పుట్టింది. నింద వేయడానికి కూడా అదేనా అని అడిగాను. మస్తానన్న ముఖం ఒక్కసారి గంభీరమైంది. "అదీ అంతేనమ్మా. ఒకసారి వర్క్‌షాపులో జీపు గేరుబాక్స్ పోతే అందరూ నాదే తప్పన్నారు. మా ఇంజనీరు సారు గట్టిగా అరిచినాడు, మస్తాన్ మీద తప్పు ఎయ్యొద్దని. అప్పుడూ ఇదే మాట వాడినాడు."

అబహా నుంచి అస్సూదాకు నలభై నిమిషాలు. జునిపెర్ చెట్ల మధ్య చల్లగాలి, రోడ్డు పక్కన కోతుల గుంపులు. పైన ఒక దుకాణంలో అరీకా తిన్నాం. గోధుమ రొట్టెను మెత్తగా చిదిమి తేనె, నెయ్యి పోసి ఇస్తారు. ఇద్దరికి ఒక పళ్ళెం చాలు. ఫొటోలు తీస్తూ నేను ఆలస్యం చేశాను. ఘాట్ దగ్గరికి వచ్చేసరికి పన్నెండు దాటింది, లోయలోంచి మంచు పైకి లేస్తోంది.

నాలుగో మలుపులో కాలిన వాసన వచ్చింది. ఆ తరువాతే కారు కనిపించింది. తెల్లటి అద్దె కారు, రోడ్డు వదిలేసి కంకర మీదికి జారి అంచు వైపు ముక్కు పెట్టి ఆగింది. ముందు చక్రాల నుంచి పొగ. స్టీరింగు దగ్గర ఒక్కతే, నలభై ఏళ్ళ విదేశీ మహిళ. రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి నొక్కి పట్టుకుంది. కారు అప్పుడప్పుడూ అంగుళం అంగుళం జారుతోంది.

నేను పరుగెత్తి ఇంగ్లీషులో హ్యాండ్‌బ్రేక్ వేయమని అరిచాను. ఆమె నా వైపు చూసింది గానీ మాట లోపలికి పోలేదు. "నో ప్వేదో, నో ప్వేదో" అంటూ తన వల్ల కాదన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

అది స్పానిష్ అని పోల్చుకుని మస్తానన్న నన్ను పక్కకు జరిపాడు. కిటికీ దగ్గర వంగి, చంటిపిల్లతో మాట్లాడినంత నెమ్మదిగా అన్నాడు: "సెన్యోరా. ఎచా ఎల్ ఫ్రేనో దే మానో."

ఆమె కళ్ళు కదిలాయి. చెయ్యి కిందికి వెళ్ళింది. బ్రేకు లివరు కరకరమని పైకి లేచింది.

"కాలు తియ్యొద్దని చెప్పు మ్మా, రాళ్ళు ఎయ్యాల" అని నాకు చెప్పి తనే రోడ్డు పక్క రాయి ఎత్తాడు. నేను ఆమెకు అరచెయ్యి చూపించి అలాగే ఉండమన్నాను. మేమిద్దరం నాలుగు రాళ్ళు తెచ్చి ముందు చక్రాలకు అడ్డంగా తోశాం. అప్పుడు మస్తానన్న తలుపు తెరిచి ఆమె మోచెయ్యి పట్టుకుని దింపాడు. తరువాత ఆయనే లోపల కూర్చున్నాడు. నేను వద్దన్నాను, వినలేదు. రివర్సు గేరు వేసి, ఇంజను లాగడం మొదలయ్యాక బ్రేకు వదిలాడు. కంకర ఎగిరింది. కారు వెనక్కి వచ్చి తారు రోడ్డెక్కింది.

ఆమె పేరు ఇనేస్, స్పెయిన్‌లో బడి పంతులమ్మ, ఒంటరిగా సౌదీ చూడటానికి వచ్చింది. రోడ్డు పక్కనే కూర్చుని పది నిమిషాలు ఏడ్చింది. బ్రేకులు చల్లారేదాకా ఆమె కారును కాస్త వెడల్పున్న చోట వదిలి, ఆమెను మా బండిలో ఎక్కించుకున్నాం. రిజాల్ అల్మా చేరేసరికి రెండు. టికెట్ ఇరవై రియాళ్ళు. తెల్ల రాళ్ళు పొదిగిన ఐదంతస్తుల ఇళ్ళు, లోపల ఆ ఊరి ఆడవాళ్ళు రంగులతో గీసిన గోడలు. వాటి ముందు నిలబడితే మనిషి చేతికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

టీ తాగుతూ ఇనేస్ వాళ్ళ అమ్మకు ఫోన్ చేసింది. ప్రమాదం సంగతి చెప్పినట్టు లేదు. చివర్లో గొంతు తగ్గించి "తే ఎచో దే మేనోస్, మమా" అంది.

మస్తానన్న కప్పు కింద పెట్టాడు. "ఆ మాటకు అర్థమేందో అడుగు మ్మా. ఆమె ఏమేస్తా ఉండాది?"

ఇంగ్లీషులో అడిగి తెలుసుకుని చెప్పాను: "నువ్వు దగ్గర లేవని దిగులేస్తోంది అని."

ఆయన ఆ మాటను తనలో తాను ఒకసారి అనుకున్నాడు. "మా సారు రోజూ సాయంత్రం క్యాంపుకు పోతా కారులో కూతురికి ఫోన్ చేసేవోడు. రోజూ కడాకు ఇదే మాట. మేనోస్ అంటే తక్కువని తెల్సు. ఏదో తక్కువ ఎయ్యమని చెప్తా ఉండాడనుకుంటి. ఏడేండ్లు, మ్మా. తెలిసుంటే ఫోన్ పెట్టినాక యాడన్నా ఆపి ఒక టీ అన్నా తాగిచ్చేవాణ్ణి కదా."

ఇనేస్‌కు ఇది అనువదించి చెప్పాను. ఆమె మస్తానన్న చేతి మీద చెయ్యి వేసి, తన భాషలోనే ఏదో చెప్పింది. అది ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు.

తిరిగి ఘాట్ ఎక్కేటప్పుడు మంచు విడిపోయింది. వదిలిన చోట తన కారు తీసుకుని ఇనేస్ ముందు, మేము వెనక, అబహా దాకా కలిసే వచ్చాం. ఎదుటివాడి భాషలో ఒక్క మాట నేర్చుకోవడం చిన్న విషయమని ఇన్నాళ్ళూ అనుకునేదాన్ని. నా ల్యాబ్‌లో ఫిలిప్పీన్స్ వాళ్ళున్నారు, ఈజిప్టు వాళ్ళున్నారు. మూడేళ్ళుగా వాళ్ళ ఫోన్ మాటలు వింటూనే ఉన్నాను, ఒక్కటీ అడిగింది లేదు. మస్తానన్న కనీసం ఆ ఒక్క మాటనైనా మనసుపెట్టి నేర్చుకున్నాడు, కాబట్టే ఒక మనిషి బతికింది.

మీరు ఈ దారిన వెళ్తే అస్సూదా నుంచి పదింటిలోపే దిగండి, మధ్యాహ్నానికి మంచు కమ్ముతుంది. దిగుడు మొదలవక ముందే గేరు తగ్గించి, బండి వేగాన్ని ఇంజనుతోనే ఆపుకోండి; కాలు బ్రేకు మీదే పెట్టుకుని దిగొద్దు.