అందరికంటే ఒక కిలో

కిలో అక్కకు ఓర్వలేనితనం. ఆమెను ఎరిగినవాళ్ళు ముందుగా చెప్పే మాట ఇదే, చివరికి చెప్పేదీ ఇదే. ఎవరైనా తన కళ్ళముందు ఏదైనా ఎత్తితే, దాని మీద ఒక కిలో వేసి తను ఎత్తేదాకా ఆమెకు తిండి సహించదు. బరువులెత్తే పోటీల్లో దేశం తరఫున తిరిగి పతకాలు తెచ్చిన మనిషి కాబట్టి ఆ జబ్బుకు పోటీల్లో గౌరవం దక్కింది. ఇంట్లో, వీధిలో దక్కలేదు.

ఒకసారి వాళ్ళ మేడలో రెండో అంతస్తులోకి కొత్తవాళ్ళు దిగుతున్నారు. ఇద్దరు మనుషులు బీరువా మోస్తూ మెట్ల మీద రొప్పుతున్నారు. అక్క కూరగాయల సంచీతో వాళ్ళ వెనకే వచ్చింది.

"దీనికి ఇద్దరా?"

"బరువమ్మా. లోపల బట్టలు కూడా ఉన్నాయి."

"ఈ సంచీ పట్టుకుని పక్కకి జరగండి."

బీరువా వీపుకెత్తుకుని చకచకా ఎక్కేసి మూడో అంతస్తులో దించింది. కింద నుంచి ఇంటావిడ గొల్లుమంది. "మాది రెండో అంతస్తు తల్లీ!"

"రెండో అంతస్తు దాకా వాళ్ళూ మోసేవాళ్ళేగా?" అంది అక్క. దాన్ని కిందికి దించడానికి మాత్రం రాలేదు. దించడం పోటీల్లో లెక్కకు రాదు.

ఎడమ భుజం పట్టేసి ఆసుపత్రిలో చేరినప్పుడు అక్కడా ఇదే తంతు. నర్సు పక్క మంచం ఆవిడకు జ్వరం చూసి, "నూట రెండు" అని డాక్టరుతో చెప్పింది. అక్క దుప్పటి తీసేసి లేచి కూర్చుంది.

"మరి నాకెంత?"

"మీకు జ్వరం లేదండీ. మీది భుజం నొప్పి కదా."

"సరిగ్గా చూడండి. ఊరికే ఎలా లేకుండా పోతుంది?"

అక్క భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు, ఆమె సాధన చేసే హాల్లో ఆయన్ని అందరూ బావగారనేవారు. గాలికి కొట్టుకుపోయేంత సన్నటి మనిషి. ఆయన ఆ సాయంత్రం నర్సు కాళ్ళావేళ్ళా పడి, "కొంచెం ఉందని చెప్పండి, లేకపోతే రాత్రంతా నన్ను నిద్రపోనివ్వదు" అని బతిమాలుకున్నాడు.

పరాయి దేశంలో వెండి పతకం గెలిచిన ఫొటో ఒకటుంది. ముగ్గురు నిలబడ్డారు. ఇద్దరు కెమెరాను చూసి నవ్వుతున్నారు. అక్క బంగారం వేసుకున్నావిడ మెడను చూస్తోంది. మూడేళ్ళ తర్వాత ఆ బంగారమూ తెచ్చింది. విమానం దిగుతూనే దండ వేయించుకుని, తనకు బరువులెత్తడం నేర్పిన మాస్టారి చెవిలో, "పై బరువు తరగతి ఆవిడకిచ్చిన పతకం నాదానికంటే కాస్త మందంగా ఉంది, గమనించారా?" అని అడిగింది.

ఇలాంటి మనిషి బరువు తరగతిలోకే, ఇలాంటి మనిషి హాల్లోకే చిన్నది అనే కొత్త పిల్ల వచ్చి పడింది. దానికి ఆ పేరు పెట్టింది కూడా అక్కే. ఇనుప రేకుల కప్పు, మధ్యలో కుంగిన చెక్క వేదిక, సుద్దపొడి గిన్నె, గోడ మీద ఒక పాత ఛాంపియన్ ఫొటో. ఆ హాలంతా అంతే. ప్రపంచ పోటీలకు ఆ పాత ఛాంపియన్ ఎన్నిసార్లు వెళ్ళిందో అక్కా సరిగ్గా అన్నిసార్లే వెళ్ళింది. ఇంకొక్కసారి వెళితే ఆమెను దాటిపోతుంది. రోజూ ఆ ఫొటో వైపు తిరిగి ఒళ్ళు విరుచుకునేది.

చిన్నది మొదటి రోజు ఆరు గుడ్లు తింది. అక్క చూసింది. "నాకు ఏడు."

మర్నాడు చిన్నది ఏడు తింది. "నాకు ఎనిమిది."

వారం తిరిగేసరికి మాస్టారు చేతులు జోడించాడు. "మీ ఇద్దరినీ పోషించాలంటే నేను కోళ్ళఫారం పెట్టాలి. ఇక ఆపండి!"

చిన్నది మాత్రం తక్కువ తిందా? దాని కడుపుమంట దానిది. అక్క జాకెట్ వీపు మీద దేశం పేరు కుట్టి ఉంటుంది. అది హాల్లో కొక్కేనికి వేలాడుతుంటే చిన్నది అటు చూడకుండా నడవడం నేర్చుకుంది. వరసగా రెండేళ్ళు ఎంపిక పోటీల్లో అది ఒక్క కిలో తేడాతో ఓడింది. ఎవరి చేతిలోనో చెప్పక్కర్లేదు. "ఆవిడ భుజం ఇంకాస్త పట్టేస్తే బాగుణ్ణు" అని ఒక రాత్రి అనుకుని, లెంపలేసుకుని, మళ్ళీ అదే అనుకుని పడుకుంది.

బరువులెత్తే పోటీలో ఒక కిటుకుంది. బార్ అనే ఆ ఇనుప కడ్డీ మీద బరువు పెరగడమే గాని తగ్గదు. తక్కువ అడిగినవాళ్ళు ముందు ఎత్తాలి, ఎక్కువ అడిగినవాళ్ళు తర్వాత. అందుకని అక్క చిన్నది ఎంత అడిగిందో విని, దాని మీద ఒక కిలో వేసి, కాలు మీద కాలేసుకుని కూర్చునేది. చిన్నదానికి ఆ కాలును చూస్తేనే ఒళ్ళు మండేది.

మూడో ఏడు ఎంపిక పోటీలు వచ్చాయి. ఆ తరగతిలో ప్రపంచ పోటీలకు ఒక్కటే చోటు. ఒక్క ఊపులో నెత్తి మీదికెత్తే స్నాచ్‌లో అక్క భుజం మొరాయించింది. చిన్నది మూడు కిలోలు ముందుకెళ్ళింది. తర్వాతి అంకం మొదలయ్యేదాకా అక్క దగ్గరికి పోయే ధైర్యం ఎవరికీ లేకపోయింది. బావగారు నీళ్ళ సీసాను నేల మీద దొర్లించి పంపాడు.

ముందు భుజాల మీదికి, అక్కణ్ణుంచి నెత్తి మీదికి రెండు అంచెల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో అక్క మళ్ళీ పుంజుకుంది. ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. మొదటిదాంట్లో చిన్నది నూట పదహారు, అక్క నూట పదిహేడు ఎత్తారు. రెండోదానికి చిన్నది నూట ఇరవై అడిగింది. అక్క నూట ఇరవై ఒకటి అడిగి కాలు మీద కాలేసుకుంది.

చిన్నది బార్ భుజాల మీదికి లాగింది. లేచి నిలబడింది. బార్ గొంతు మీద నొక్కుకుంది. దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నట్టు అనిపించింది. బార్ ముందుకు పడింది, చిన్నది వెనక్కి పడింది.

తెర వెనక బల్ల మీద పడుకోబెట్టారు. ఇద్దరు తువాళ్ళతో విసురుతున్నారు. డాక్టరు కళ్ళలోకి దీపం వేసి, "ఏం పర్లేదు, గొంతు నొక్కుకుంది, అంతే. కాసేపట్లో సర్దుకుంటుంది" అన్నాడు. ఆ కాసేపే లేదు. మిగతావాళ్ళందరి వంతులూ అయిపోయాయి. చిన్నది నూట ఇరవై దాటి అడిగే స్థితిలో లేదు, మధ్యలో ఎవరూ లేరు కాబట్టి రెండు నిమిషాల్లో తనే మళ్ళీ రావాలి. రాకపోతే ఉన్న ఒక్క అవకాశమూ పోయినట్టే. అక్క నూట ఇరవై ఒకటి ఎత్తేసి విమానమెక్కుతుంది. అంత బరువు ఆమె నిద్రలో కూడా ఎత్తగలదు.

"లేవగలవా అమ్మా?" అన్నాడు మాస్టారు.

"గోడ తిరుగుతోంది మాస్టారూ."

అప్పుడు అక్క కాలు మీది కాలు తీసింది. అధికారుల బల్ల దగ్గరికి నడిచింది.

"నా బరువు మార్చండి."

"ఎంతకమ్మా? నూట ఇరవై మూడా?"

"నూట ఇరవై."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తగ్గిస్తున్నారా? మీరా?"

"చెవులకి కూడా కళ్ళజోడు కావాలా మీకు?"

ఇద్దరూ ఒకే బరువు అడిగినప్పుడు, చిన్నదానికది మూడో అవకాశం, అక్కకు రెండోది కాబట్టి ముందు అక్క వంతు. ఆమె గడియారం మొదలయింది. అక్క నడుం పట్టీ విప్పి మళ్ళీ కట్టుకుంది. బూటు తాడు చూసుకుంది. సుద్దపొడి అరచేతులకు పూసి, మెడకు పూసి, మళ్ళీ ఏదో మరిచినట్టు గిన్నె దగ్గరికి వెళ్ళింది. జనం గోల పెడుతున్నారు. చివరి క్షణాల్లో వంగి, బార్ నెత్తి మీదికి ఎత్తేసింది. దించమని గంట మోగింది. ఆమె దించలేదు. మళ్ళీ మోగించారు. దిక్కులు చూస్తూ అలాగే నిలబడింది.

"దించమ్మా!" అని న్యాయనిర్ణేత కేకేశాడు.

"ఆఁ? నాతోనేనా?"

దించి, వేదిక మెట్లు పెళ్ళికూతురు నడకలో దిగింది.

ఈలోగా తెర వెనక గోడ తిరగడం మానేసింది. చిన్నది నీళ్ళు తాగి, మొహం తుడుచుకుని, తన వంతుకు వచ్చి బార్ పట్టుకుంది. ఈసారి గడ్డం పైకెత్తి గొంతును కాపాడుకుంది. నూట ఇరవై లేచింది. ముగ్గురు న్యాయనిర్ణేతలూ సరేనన్నట్టు మూడు దీపాలూ తెల్లగా వెలిగాయి.

ఇప్పుడు చిన్నది మళ్ళీ మూడు కిలోలు ముందుంది. అక్కకు ఒక్క అవకాశం మిగిలింది. మొత్తం మీద ఒక కిలో ఎక్కువ కావాలంటే ఎంత ఎత్తాలో ఆమెకు ఎవరూ లెక్క చెప్పక్కర్లేదు.

"నూట ఇరవై నాలుగు."

భుజాల మీదికి వచ్చింది. నెత్తి మీదికీ వచ్చింది. చిన్నది తెర అంచు పట్టుకుని, అది పడాలనీ పడకూడదనీ ఒకేసారి మొక్కుకుంది. అక్క ఎడమ మోచేయి వంగింది. బార్ దభేలున పడింది. అక్క మాట తప్పిన మనిషిని చూసినట్టు దాన్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

బట్టలు మార్చుకునే గదిలో అక్క పట్టీ విప్పుతుంటే చిన్నది ఎదురుగా నిలబడింది.

"ఎందుకక్కా తగ్గావు?"

"ఎవరే తగ్గింది? నోరు జాగ్రత్త."

"నూట ఇరవైకి దిగావు కదా!"

"నువ్వు బల్ల మీద పడున్నావు. పడున్నదాని మీద ఒక కిలో ఎక్కువ ఎత్తితే అదీ ఓ ఎత్తడమేనా? నువ్వు లేచి నిలబడితేనేగా నేను నీ మీదికి ఎగబడేది! లేపుదాం, తర్వాత దీని సంగతి చూద్దాం అనుకున్నాను. చూద్దామనుకుంటే ఈ భుజం..."

చిన్నదాని కళ్ళు నిండాయి.

"ఏడవకు. నువ్వేడిస్తే నేను నీకంటే ఎక్కువ ఏడవాలి. ఇవాళ నాకు ఓపిక లేదు."

చిన్నది గబగబా కళ్ళు తుడుచుకుంది. అక్క పట్టీ చుట్టి సంచీలో పడేసింది.

"అయినా ఇన్నేళ్ళుగా ఎత్తుతున్నాను. ఒక్కసారైనా పడిపోయానా? నాకెవరైనా విసిరారా? నీకు చూడు, ఇద్దరు విసిరారు. డాక్టరొచ్చాడు. కళ్ళలోకి దీపం వేశాడు. మాస్టారు అమ్మా అన్నాడు. నన్ను ఎప్పుడన్నాడూ?"

మాస్టారు తలుపు దగ్గరికొచ్చి, "ఇద్దరూ బాగానే ఉన్నారా?" అన్నాడు.

"నాకు కళ్ళు తిరుగుతున్నాయి మాస్టారూ" అంది అక్క.

"నీకా?"

"దానికంటే ఎక్కువే."

అని బల్ల మీద కాళ్ళు చాపుకుని పడుకుంది. చిన్నది తువాలు తీసి విసరడం మొదలుపెట్టింది. అక్క ఒక కన్ను తెరిచింది.

"రెండో చేత్తో ఇంకో తువాలు పట్టుకోవే. నీకు ఇద్దరు విసిరారు."