నలభై రెండో గూడు

దెయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. బడికి పోకుండానే లెక్కలు నేర్చుకున్నదాన్ని; లెక్కకు అందనిదేదీ లేదనుకునేదాన్ని. నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడూ, ఆ మరుసటి ఏడూ కలిపి మేం పోగొట్టుకున్నవి: గూళ్లు నలభై ఒకటి, ఆ మీదటి వరిపంట, ఒక పసిబిడ్డ. మొగుణ్ణి కలపలేదు. ఆయన ఇంట్లోనే ఉన్నాడు.

గూడూరుకు తూర్పున చెరువు కింద మా ఊరు. వానలు పడగానే గూడబాతులొచ్చి, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు కట్టేవి. వాటి రెట్ట కలిసిన నీళ్లే మా చేలకు ఎరువు. అందుకే పిల్లలు ఎగిరిందాకా ఊళ్లో డప్పు మోగదు. పెళ్లయినా, చావైనా అంతే.

పెళ్లయి తొమ్మిదేళ్లయినా నా కడుపు పండలేదు. సాయంత్రం కట్ట మీద కూర్చుని గూళ్లు లెక్కపెట్టేదాన్ని. కంపు భరించలేను. తల్లి గొంతులో తల దూర్చి పిల్ల తింటుంటే చూడలేను. అయినా మర్నాడు మళ్లీ పోయేదాన్ని.

"పక్షి పిల్లల్ని లెక్కబెట్టే మహాతల్లీ, మనింట్లో ఎందరో చెప్పు!" అనేది మా అత్త, నలుగురూ వినేటట్టు.

మాఘంలో ఆయన గూడూరులో రెండో పెళ్లి చేసుకున్నాడు. పోయే ముందు నేను ఒక్కటే అడిగినాను. "పెళ్లి చేసుకో. ఊళ్లో ఊరేగింపుకు డప్పులు, పలకలు మాత్రం వద్దు. పిల్లలు ఇంకా ఎగరలేదు."

"గొడ్డుదాని మాట విని మూగపెళ్లి చేసుకోవాల్నా?" అన్నాడు.

ఊళ్లో సగం పొలం ఆయనదే. ఎవరూ నోరెత్తలేదు.

పెళ్లి మర్నాడు పొద్దున్నే మా ఊళ్లో పలకలు మోగినాయి. పెద్దపక్షులన్నీ ఒక్కసారిగా లేచి సముద్రం వైపు పోయినాయి, తిరిగి రాలేదు. కాకులొచ్చినాయి. కట్ట మీద నిలబడి అంతా చూసినాను. సాయంత్రానికి ఏ గూట్లోనూ కదలిక లేదు.

మూడో నాడు కొత్తకోడలు వచ్చి నా పక్కన కూర్చుంది. ఈ చెరువు ముఖం ఎరగని పిల్ల. ఉత్త గూళ్ల వైపు చూస్తూ లెక్కపెట్టసాగింది. దగ్గరి చెట్టు నుంచి కాదు, నేను లెక్కించే వరసలోనే, అవతల ఒరిగిన చెట్టు నుంచి. ఆ వరస నేనెవరికీ చెప్పలేదు. నలభై రెండు దగ్గర ఆగింది.

"నలభై ఒకటే" అన్నాను.

"కాదక్కా. మనింటి దూలం మీద ఒకటుండాది గదా."

దూలం మీద ఏమీ లేదు. కానీ ఆ రోజు నుంచి అక్కడ ఆకలిగొన్న పక్షిపిల్ల అరుపు. నాకొక్కదానికే కాదు, అత్తకూ వినిపించింది. ఆయన కప్పంతా విప్పించి, మళ్లీ వేయించాడు. అరుపు ఆగలేదు.

మరుసటి ఏడు కొత్తకోడలికి కొడుకు పుట్టినాడు. ఏడవలేదు. మెడ పైకి చాచి నోరు తెరిచేవాడు, అంతే. పాలు గుటక పడేవి కావు. నెల్లూరు డాక్టరుకూ కారణం అంతుబట్టలేదు. మూడో రోజు పోయినాడు. దూలం మీది అరుపూ ఆ రోజే ఆగింది.

రెండేళ్లు చెరువు బోసిపోయింది. మూడో ఏడు పక్షులొచ్చినాయి. ఒరిగిన చెట్టు నుంచి లెక్కించినాను. నలభై ఒకటి. ఏటా అంతే, ఒకటి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

ఆమె ఇప్పటికీ సాయంత్రాలు నా పక్కనే కూర్చుంటుంది. ఎవరు ఎవరికి బాకీయో ఈ వయసులోనూ నేను తేల్చలేకపోయినాను.

"ఎన్నక్కా?" అంటుంది.

చెబుతాను.

"అయితే ఇంకా ఒకటి రావాల" అంటుంది.