అక్క మెట్ల ముందు నేల

ఎవరింటికి వెళ్లినా గుమ్మం ముందు ఆగి మడమతో నేలను ఒకసారి నొక్కి చూడడం అతనికి అలవాటు. రోడ్డు వేసే ముందు నేల బలం చూడడమే అతని ఉద్యోగం. మొనదేలిన ఇనుప కడ్డీని నిలబెట్టి, దానికున్న బరువైన సుత్తిని ఎత్తి వదులుతాడు. కడ్డీ తేలిగ్గా దిగిపోతే నేల మెత్తనిదన్నమాట. మెత్తని చోట లోతుగా తవ్వి కంకర నింపాలి. ఈ సంగతి కనపడ్డవాళ్లందరికీ చెబుతాడు కాబట్టి వీధిలో అతని పేరు 'సుత్తి బాబాయి'. అది ఒక్క పనిముట్టును బట్టి వచ్చిన పేరు కాదని అతనికీ తెలుసు.

ఓపికగా వినేది అక్క ఒక్కతే. ఆమెకు అదే వీధిలో కుట్టు దుకాణం. దాని మెట్లు వీధిలోకి పొడుచుకొచ్చి ఉంటాయి. బట్టలివ్వడానికి వచ్చినవాళ్లు అక్కడే చతికిలబడి ఊరి కబుర్లన్నీ తేల్చి గాని లేవరు. ఇప్పుడు ఆ వీధికి కొత్త రోడ్డు వస్తోంది. నేల గట్టిదైతే మెట్లుంటాయి. మెత్తనిదైతే తవ్వకంలో పోతాయి.

పరీక్ష చేయాల్సిన చోట ముందురోజే సున్నంతో గుర్తు పెట్టారు. పొద్దున్నే అతను అక్కడ సుత్తి వదిలాడు. ఖంగుమంది. కడ్డీ కదల్లేదు.

"చూశావా, ఉక్కులాంటి నేల. రాసేసుకో," అంది అక్క మెట్టు మీద నుంచి, సూదిలో దారం ఎక్కిస్తూ.

"రాయి తగిలిందక్కా. మూరెడు జరిపి కొట్టాలి. అదీ పద్ధతి."

"నాకు తెలీదా ఏంటి. జరుపు."

జరిపాడు. మళ్లీ ఖంగుమంది. ఇటు జరిపినా అంతే. వంగి చూశాడు. అంతమేరా మట్టి కొత్తగా కప్పి, పైన నీళ్లు చల్లి, శుభ్రంగా చీపురుతో ఊడ్చి ఉంది.

"ఎన్ని రాళ్లు పాతావక్కా?"

"రోజూ మూరెడు మూరెడనే చెప్పావు. రెండు మూరలని ఎప్పుడైనా అన్నావా?"

మెట్ల మీదివాళ్లు కొంగులు, రుమాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అతను రెండు మూరలు జరిగాడు. కడ్డీ పెరుగులో గరిటెలా దిగింది.

అక్క సూది పక్కన పెట్టింది. "ఇంకో దెబ్బ కొట్టు. ఎక్కడో ఒకచోట ఆగకపోదు."

కొట్టాడు. ఆగలేదు.

"పోనీ, గట్టిదనే రాస్తే ఏమవుతుందిరా?"

"మొదటి వానకే రోడ్డు కుంగుతుంది. నీ మెట్లు గుంట ఒడ్డున నిలబడతాయి. రాత్రిపూట దిగినవాళ్లు దిగినట్టే పోతారు."

అక్క కాసేపు మెట్ల వైపే చూసింది. తర్వాత కుట్టుపని చంకన పెట్టుకుని లేచింది.

"లేవండి, లోపలికి పదండి. ఇకనుంచి అక్కడే అలవాటు చేసుకోవాలి," అంది వాళ్లతో. తమ్ముడి వైపు తిరిగి, "ఆ రాళ్లు నువ్వే తీసుకో. నా నడుం పట్టేసింది," అంది.

అతను కొలత రాసుకుంటుంటే లోపల బెంచీలు జరుపుతున్న చప్పుడైంది. గది చాల్లేదు. ఎవరో కత్తిరింపు బల్ల ఎక్కినట్టున్నారు. దిగమని అక్క కేకలేస్తోంది. దిగకుండానే ఆ మనిషి, మధ్యలో ఆగిపోయిన కబురు మొదలుపెట్టింది.