ఇంటి ఓనరు రాజధాని

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో నేను కొత్తగూడలో ఒక ఇంటి పైపోర్షన్లో కిరాయికి ఉండేవాణ్ణి. మాది మెదక్ దిక్కు. కింద ఉండే ఓనరుది గోదావరి జిల్లా. ఇరిగేషన్ శాఖలో చేసి రిటైరయ్యాడు. బంద్ అంటే నాకు ఆఫీసు క్యాబ్ రాదు, ఆయనకు పాలప్యాకెట్ తెచ్చాక పని ఉండదు. అలాంటి ఒక ఉదయం, టీవీ చూసీ చూసీ విసుగొచ్చి ఆయన పైకి వచ్చాడు. నేను కంప్యూటర్లో ఆట ఆడుతున్నాను.

"ఏంటండీ ఇది?"

"రాజ్యాలు కట్టే ఆట సార్. ఒక్క గుంపుతోని మొదలువెట్టాలె. ఊరు కట్టాలె, పొలాలు చెయ్యాలె, పక్కోని మీదికి పోవాలె."

"పక్కవాడి మీదకి ఎందుకండీ?"

"జాగ సరిపోదు సార్."

ఆయన కుర్చీ లాక్కున్నాడు.

ఒకే కంప్యూటర్ మీద వంతులవారీగా ఆడాం. ఒకరు ఆడుతుంటే రెండోవాళ్ళు బాల్కనీలో నిలబడాలి. కింద జెండాలతో బైకులు పోతుండేవి. వాళ్ళు "జై తెలంగాణ" అంటే నేనూ పైనుంచి గట్టిగా అనేవాణ్ణి. ఆయన బాల్కనీలో ఉన్నప్పుడు మర్యాదగా చెయ్యి ఊపేవాడు.

ఆటలో ఆయన ఊరు నది ఒడ్డున పడింది. సర్వీసంతా బయటికొచ్చింది. కాలువ, గాదె, మళ్ళీ కాలువ. కాపలాకి ఒక్కడే మనిషి, వాడి చేతిలో దుడ్డుకర్ర. నేను గాదెల జోలికే పోలేదు. ఈ ఆటలో గోడలు లేవకముందే కొట్టాలి, తర్వాత కష్టం. నలుగురు విలుకాళ్ళను తయారుచేసి, అడవి చాటున ఆయన పొలాల దాకా నడిపించాను. రెండు వంతుల్లో రాజధాని పడిపోయింది. ఆయనకున్నదే ఆ ఒక్క ఊరు.

ఆయన బాల్కనీలోంచి వచ్చి తెర చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మా ఊరేదండీ?"

"నాదైంది సార్."

"ముందు ఒక మాట చెప్పాలి కదండీ."

కిందికి వెళ్ళిపోయాడు. మర్నాడు వాళ్ళావిడ మెట్ల దగ్గర నన్ను ఆపింది.

"ఏమన్నావు బాబూ మా ఆయన్ని? మజ్జిగ కూడా ముట్టలేదు. మమ్మల్ని వెళ్ళిపొమ్మన్నావా ఏంటి?"

"అయ్యో లేదు ఆంటీ. కాలువల కాడ జర లొల్లైంది."

ఆవిడ నమ్మలేదు. నాకు నిజంగానే సిగ్గేసింది. వారం దాకా ఆయన మాట్లాడలేదు. నీళ్ళ మోటారు వేసే టైము కూడా ఆవిడ చేతే చెప్పించాడు.

తర్వాతి బంద్ నాడు గళ్ళ నోట్‌బుక్ పట్టుకుని వచ్చాడు. అందులో పెన్సిల్‌తో గీసిన పటాలున్నాయి.

"మళ్ళీ మొదలుపెట్టండి. ఈసారి ముందు ప్రహరీ కట్టుకుంటాను."

కట్టుకున్నాడు. నా విలుకాళ్ళు ఆ గోడ ముందు నిలబడి ఒక్కొక్కరే పోయారు. ఉన్నవాళ్ళందరినీ అక్కడికే తోలాను. ఒకసారి నేను బాల్కనీలోంచి వచ్చేసరికి ఆయన పరేషాన్‌గా ఉన్నాడు.

"మీ ఊళ్ళో ఎవరూ లేరేంటండీ?"

అప్పటికే నది వెంట ఇద్దరు బల్లెంగాళ్ళను పంపి నా రాజధాని తీసేసుకున్నాడు.

"ఊరు ఉంచాలా, కాల్చాలా అని కంప్యూటర్ అడుగుతోంది. ఏం చెయ్యమంటారు?"

"ఉంచుండ్రి సార్."

"ఉంచుతానండీ. నీటి వసతి బొత్తిగా లేదు, కాలువ తవ్వించాలి."

ఆ తర్వాత బంద్‌లు ఎన్నొచ్చాయో, అన్ని ఆటలు ఆడాం. నేనే ఎక్కువ ఓడాను.

రాష్ట్రం వచ్చిందని తేలిన రోజు కొత్తగూడ చౌరస్తాలో చాలాసేపు ఎగిరాను. తిరిగొస్తుంటే నెత్తి నుంచి చెప్పుల దాకా గులాల్ రంగే. ఓనరు గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. నేను మొహంలో సంతోషం కొంచెం తగ్గించుకున్నాను.

"మీకు కావాల్సింది వచ్చిందిగా" అన్నాడు.

"వచ్చింది సార్."

"మా ఆవిడ ఉదయం నుంచీ ఒకటే అడుగుతోందండీ, మనం ఉండొచ్చా అని. నేను చెబితే నమ్మట్లేదు. మీరొక మాట చెప్పండి."

నేను లోపలికి వెళ్ళాను. ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"మీ ఇల్లు ఆంటీ ఇది. ఎవరొచ్చి పొమ్మంటరు? ఏం ఫికర్ చెయ్యకుండ్రి."

ఆవిడ నా వంక పైనుంచి కిందిదాకా చూసింది.

"సరేగాని బాబూ, ఆ రంగు కాళ్ళతో హాల్లోకి రాకు. ఇప్పుడే తడిగుడ్డ పెట్టాను."